తెరలో పట్టని మనిషి

సూట్‌కేసు మూత పడటం లేదు. పిన్ని దాని మీద ఎక్కి కూర్చుంది.

"ఆ పక్క కాస్త నొక్కవే తల్లీ," అంది, ఏదో పెళ్ళికి ప్రయాణమైనంత మామూలుగా.

నేను నొక్కలేదు. గుమ్మంలోనే నిలబడ్డాను.

"నువ్వు ఇల్లు వదిలి వెళ్ళిపోతుంటే నేను సాయం కూడా చెయ్యాలా?"

"వద్దులే. నాలుగింటికి టాక్సీ వస్తుంది. ఆ డ్రైవరే నొక్కుతాడు."

అరవై ఆరేళ్ళ మనిషి. నన్ను పెంచిన మనిషి. మా అమ్మ పోయేనాటికి నాకు మూడేళ్ళు. ఆ రోజు నుంచి నాకు అమ్మయినా నాన్నయినా పిన్నే. నాకు పెళ్ళయినప్పుడు, "మా పిన్ని కూడా మనతోనే ఉంటుంది" అన్న ఒక్క షరతు మీదే నేను పెళ్ళిపీట ఎక్కాను. అలాంటిది, నిన్న సాయంత్రం హాల్లో పావుగంటలో జరిగినదానికి, తన పాత స్నేహితురాలైన నర్సు ఇంటికి పోతానని పట్టుబట్టి కూర్చుంది.

చెప్పుకుంటే చాలా చిన్న విషయం. పిన్ని తన ఇరవై నాలుగో ఏట ఒకే ఒక్క సినిమాలో నటించింది. ఒకే సీను. హీరోకి ఎదురుగా కూర్చుని నాలుగు నిమిషాలు. ఆ సినిమా ఏ టీవీలోనూ రాలేదు. ఆడిన హాళ్ళు గోడౌన్లయిపోయాయి. పిన్ని దగ్గర ఒక ఫొటో కూడా మిగల్లేదు. ఉన్నదల్లా ఆవిడ చెప్పే మాట. ఆ మాట వింటూనే నేను పెరిగాను, నా కూతురూ పెరిగింది.

పోయిన వారం ఒక షాపులో ఆ సినిమా డిస్కు నా కంటబడింది. ఎగిరి గంతేసినంత పనిచేశాను. నిన్న పిన్ని పుట్టినరోజు. మా ఆయన అక్క కుటుంబాన్ని కూడా పిలిచాను. హాల్లో తొమ్మిదిమందిమి. పిన్ని కొత్త చీర కట్టుకుని మధ్య కుర్చీలో కూర్చుంది.

డిస్కు పెట్టగానే బొమ్మకి రెండు పక్కలా నల్లటి పట్టీలు వచ్చాయి. మా అమ్మాయి రిమోట్‌లో ఏదో నొక్కింది. పట్టీలు పోయాయి, వాటితోపాటు మనుషుల నుదుళ్ళు కూడా పోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

పిన్ని సీను వచ్చింది. హీరో మాట్లాడుతున్నాడు. ఎదుటివైపు నుంచి ఎవరో ఆడమనిషి జవాబు చెబుతోంది. ఆ గొంతు పిన్నిది కాదు. ఆ రోజుల్లో వేరే ఎవరిచేతో చెప్పించారట. సరే, గొంతు లేకపోతే పోయింది, మనిషేది? తెర మీద హీరో మొహమే ఉంది. మధ్యలో ఒకసారి బొమ్మ మెల్లగా పక్కకి జరిగింది. ఒక బల్ల కనబడింది. బల్ల చివర నీలం జాకెట్టు చెయ్యి, ఒక మోచెయ్యి. అంతే, బొమ్మ మళ్ళీ హీరో దగ్గరికి వెళ్ళిపోయింది. సీను అయిపోయింది.

"ఏదీ, ఎక్కడా?" అంది మా వదిన.

"అమ్మమ్మా, ఆ మోచెయ్యి నీదేనా?" అంది నా కూతురు.

"మోచెయ్యి మాత్రం చాలా సహజంగా నటించింది అత్తయ్యగారూ," అన్నారు మా ఆయన.

అందరూ నవ్వారు. దాచటం దేనికి, నా పెదాలూ కదిలాయి. పిన్ని చూసింది.

"నేను కుడివైపు కూర్చున్నాను. మనిషిని మొత్తం కనబడాలి," అంది పిన్ని నెమ్మదిగా.

మా ఆయన లెక్కల మాస్టారు. సందేహం కనబడితే తేల్చేదాకా ఊరుకోరు. "నలభై ఏళ్ళ కిందటి మాట కదండీ. మనసు కొన్ని కలుపుకుంటుంది. అందరికీ మామూలే," అన్నారు.

పిన్ని లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. ఇదిగో, పొద్దున లేచేసరికి సూట్‌కేసు.

"పిన్నీ, నవ్వినందుకు కాళ్ళు పట్టుకోమంటావా? పట్టుకుంటాను," అన్నాను.

"నవ్వితే ఏమైందే. నవ్వొచ్చేలాగే ఉంది." చీర కొంగుతో అద్దాలు తుడుచుకుంది. "నేను వెళ్ళేది మీరు నవ్వినందుకు కాదు."

"మరి?"

"అల్లుడుగారన్న మాటకి నాకే అనుమానం పట్టుకుంది. నిజంగా ఆ కుర్చీలో కూర్చున్నానా, కూర్చున్నట్టు అనుకుంటూ బతికానా? మొన్నటిదాకా ఆ లైట్ల వేడి కూడా గుర్తుండేది. పొద్దున లేచి గుర్తు తెచ్చుకోబోతే ఆ మోచెయ్యే వస్తోంది." అద్దాలు పెట్టుకుంది. "నా మీద నాకే నమ్మకం పోయిన చోట ఎలా ఉండమంటావు, చెప్పు."

హాల్లోకి వచ్చాను. మా ఆయన పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. ఎర్ర పెన్ను కదులుతోంది కానీ ఒక్క పేపరూ తిరగటం లేదు.

"వెళ్ళి ఒక్క మాట చెప్పరాదా," అన్నాను.

"ఏమని? కనబడింది అననా? కనబళ్ళేదు కదా."

"తప్పయిందని అనొచ్చు."

"నవ్వినందుకంటాను. ఆ రెండో మాటకి అనలేను. డిస్కులో లేని మనిషిని ఉందని ఎలా ఒప్పుకోను? అది ఆవిడ్ని పసిపిల్లని చెయ్యటం కాదూ?"

"మీకు అన్నీ లెక్కలే."

"లెక్క కాకపోతే ఏదోలే. నాకూ బాధగానే ఉంది," అని పేపరు కేసి చూస్తూ ఉండిపోయారు.

టీవీ పక్కనున్న డిస్కు తీసి సంచిలో పడేసుకున్నాను. పన్నెండున్నర అయింది. నాలుగింటి వరకూ టైముంది. ఎక్కడికి వెళ్ళాలో మాత్రం ఒక్కటే తోచింది.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. మా షాపుకి వచ్చేవాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు. మార్కెట్ వెనక వీధిలో ఆయనకి పాత క్యాసెట్లు, డిస్కులు అద్దెకిచ్చే కొట్టుంది. ఇప్పుడు అద్దెకి ఎవరూ రారు. జనం తెచ్చే పాత టేపుల్ని డిస్కుల్లోకి ఎక్కించి ఇస్తూ ఉంటాడు. అందరూ ఆయన్ని రీలుగారు అంటారు. ఆ పేరుతో పిలిస్తేనే ఆయనా పలుకుతాడు.

కొట్టు మూసేయబోతున్నాడు. నన్ను చూసి తాళం జేబులో వేసుకున్నాడు.

"ఏమ్మా, నా కొత్త అద్దాలు వచ్చాయా?"

"సోమవారం వస్తాయండి. నేను వేరే పనిమీద వచ్చాను." డిస్కు ఆయన చేతిలో పెట్టి జరిగింది చెప్పాను.

రీలుగారు అట్టపెట్టె వెనక్కి తిప్పి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని చదివాడు.

"ఇదిగో, ఇక్కడే రాశాడు. ఫుల్ స్క్రీన్."

"అంటే మొత్తం ఉన్నట్టే కదండీ."

"అందరూ అలాగే అనుకుంటారు. ఫుల్ అంటే మొత్తం చూపించాడని కాదు, టీవీని నింపాడని. కింద చిన్న అక్షరాలున్నాయి చూడు, నా కళ్ళకి ఆనటం లేదు."

నేను చదివాను. ఈ చిత్రం మీ టీవీ తెరకు సరిపడేలా మార్చబడినది.

"మార్చటమంటే?"

ఆయన గోడ మీదున్న ఫొటో దించాడు. తన చిన్నప్పటి స్కూలు ఫొటో. మూరెడు పొడవు, జానెడు ఎత్తు. బల్ల మీద పడుకోబెట్టి, ఒక ఖాళీ అట్టపెట్టె మూత తెచ్చి, కత్తెరతో దాని మధ్యలో కిటికీలా కత్తిరించాడు. ఫొటో ఎంత ఎత్తుందో కిటికీ అంతే ఎత్తు, వెడల్పు మాత్రం బాగా తక్కువ.

"ఇది సినిమా," అన్నాడు ఫొటో చూపించి. "ఇది పాతకాలం టీవీ. వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు, దాదాపు చదరం. ఇప్పుడు దీన్ని దాని మీద పెట్టు."

పెట్టాను.

"ఎవరు కనబడుతున్నారు?"

"కుర్చీలో ఒకాయన."

"మా హెడ్మాస్టరు. నేను ఈ చివర ఉన్నాను. ఇద్దర్నీ ఒకేసారి చూపించు."

కిటికీని ఇటు జరిపాను, అటు జరిపాను. ఒకరు వస్తే ఒకరు పోతున్నారు.

"చూశావా. పట్టం. అప్పుడు ఒక ఉద్యోగి కూర్చుని, ఏ క్షణంలో ఎవర్ని ఉంచాలి, ఎవర్ని తీసెయ్యాలి అని ఈ కిటికీని అటూ ఇటూ జరుపుతూ పోతాడు. హెడ్మాస్టరూ నేనూ ఉంటే ఎవర్ని ఉంచుతాడు?"

"హెడ్మాస్టర్ని."

"అందుకే నేనెవరికీ గుర్తులేను," అని నవ్వాడు. తరవాత నవ్వు ఆపి నెమ్మదిగా అన్నాడు. "మీ పిన్నిగారు కూర్చునే ఉంటుందమ్మా. అటువైపు హీరో ఉన్నాడు మరి. బొమ్మ జరిగిందన్నావే, బల్ల కనబడిందన్నావే, అది కెమెరా జరగటం కాదు. ఈ కిటికీ జరగటం."

నేను ఆ ఫొటో మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. మోచెయ్యి ఉందంటే మనిషీ ఉన్నట్టే. ఇంత చిన్న సంగతి తొమ్మిదిమందిలో ఒక్కరికీ తట్టలేదు. లెక్కల మాస్టారికి తట్టలేదు. రోజంతా అద్దాలు కోసే నాకు తట్టలేదు.

"మొత్తం ఉన్న సినిమా ఎక్కడైనా దొరుకుతుందాండీ?"

రీలుగారు లోపలి గదిలోకి వెళ్ళి చాలాసేపు వెతికాడు. దుమ్ము దులుపుకుంటూ ఒక డిస్కు పట్టుకొచ్చాడు. దాని వెనక 2.35 : 1 అని ఉంది. వైడ్ స్క్రీన్.

"కొద్దిగానే వేశారు ఇవి. అప్పట్లో జనం కొనలేదు. పైనా కిందా నలుపు వస్తోంది, సగం బొమ్మ కోసేశారు అని తిరిగి తెచ్చి పారేసి పోయేవాళ్ళు. కోసింది ఈ నలుపున్నదాన్ని కాదు, నువ్వు తెచ్చిన ఫుల్ స్క్రీన్‌ని అని ఎంతమందికి చెప్పను." నేను తెచ్చిన డిస్కు, తను తెచ్చిన డిస్కు రెండూ పక్కపక్కన పెట్టాడు. "ఈ వైడ్ స్క్రీన్‌ని దగ్గరుండి చేయించింది ఆ సినిమా కెమెరామనే. మన వీధి చివరే ఉంటాడు. పోతున్న చూపుతోనే ప్రతి సీనూ అంచులు సరిచూసుకున్నాడు. ఇప్పుడు అసలు కనబడదు ఆయనకి."

"ఎంతివ్వాలండీ?"

"ఇది అమ్మేది కాదు, ఆయన నాకిచ్చింది. చూసి తెచ్చివ్వు." గుమ్మం దాకా వచ్చి మళ్ళీ పిలిచాడు. "అమ్మా, పైనా కిందా నలుపు వస్తుంది. అది చూసి కంగారుపడి రిమోట్ నొక్కేరు. ఆ నలుపు ఉన్నంతసేపే బొమ్మ మొత్తం ఉన్నట్టు."

దణ్ణం పెట్టాను. ఇంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి మూడుంబావు. సూట్‌కేసు హాల్లోకి వచ్చేసింది. మా అమ్మాయి దాని పక్కన నేల మీద కూర్చుని ఉంది, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. పిన్ని చెప్పులు వేసుకుని కుర్చీలో కూర్చుంది.

"పిన్నీ, పది నిమిషాలు కూర్చో. ఇంకేమీ అడగను."

"ఇంకా ఏం చూపిస్తావే. చాలు."

"నా కోసం."

ఆ మాటకి పిన్ని ఎన్నడూ కాదనలేదు. చెప్పులు విప్పలేదు కానీ కుర్చీ ఇటు తిప్పుకుంది. మా ఆయన పేపర్ల మీంచి తలెత్తారు. రీలుగారు చెప్పింది నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆయన వినీ వినగానే రెండు అట్టపెట్టెలూ తీసుకుని, దిద్దుతున్న పేపరు వెనకే ఏదో లెక్క వేయటం మొదలుపెట్టారు.

డిస్కు పెట్టాను. సీను దాకా జరిపాను.

హీరో ఎడమవైపు ఉన్నాడు. మధ్యలో పొడుగాటి బల్ల. కుడివైపు చివర నీలం జాకెట్టు భుజం, చెంప, జుట్టు. మొహం సగానికి తెగిపోయి ఉంది.

పిన్ని లేచి నిలబడింది.

"చూశాను. చాలు తల్లీ," అంది. గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

రీలుగారు పొరపాటు పడ్డాడా? తెర వంక చూశాను. తెర నిండుగా ఉంది. పై నుంచి కిందికి నిండుగా. అప్పుడు స్ఫురించింది.

"నలుపేదీ?" అన్నాను. "పైనా కిందా నలుపు రావాలి. రాలేదు. నిన్న రిమోట్‌లో ఏం నొక్కావే నువ్వు?"

మా అమ్మాయి ఒక్క గెంతులో లేచింది. "జూమ్. అమ్మా, జూమ్ నేనే పెట్టాను. తియ్యలేదు."

నొక్కింది. బొమ్మ వెనక్కి జరిగినట్టు చిన్నదైంది. పైనా కిందా నల్లటి పట్టీలు వచ్చాయి. రెండు పక్కలా తెర తలుపులు తీసినట్టు తెరుచుకుంది.

పిన్ని ఉంది.

బల్లకి కుడివైపు, పూర్తిగా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. ఇరవై నాలుగేళ్ళ పిన్ని. నాకు గుర్తున్న పిన్ని కంటే చిన్నది, ఇప్పటి నాకంటే ఎంతో చిన్నది. ఆ సీనులో ఆవిడ కోర్టు ఆఫీసులో గుమస్తా. హీరో తన తండ్రి కాగితాలు వెతికి పెట్టమని బతిమాలుతున్నాడు. కాగితాలు లేవని ఆవిడకి ముందే తెలుసు. చెప్పలేక వింటోంది. ఆయన ఒక్కో మాట అంటుంటే ఆవిడ కళ్ళు కొద్దికొద్దిగా దిగుతున్నాయి. ఒకచోట నోరు తెరవబోయి మూసుకుంది. ఇద్దరి మధ్యా ఆ ఖాళీ బల్ల.

మాట్లాడేది ఆయన. సీను మాత్రం పిన్నిది.

సీను అయిపోయింది. మా అమ్మాయే మళ్ళీ వెనక్కి జరిపి మొదటి నుంచి పెట్టింది.

మా ఆయన లేచి వచ్చి పిన్ని కుర్చీ పక్కన నిలబడ్డారు. చేతిలో ఆ పేపరు.

"ఎత్తు ఒకటి అనుకుంటే టీవీ వెడల్పు 1.33, సినిమా వెడల్పు 2.35 అత్తయ్యగారూ. భాగిస్తే వందకి యాభై ఏడు మిగిలాయి. నలభై మూడు పోయాయి. మీరు ఆ నలభై మూడులో కూర్చున్నారు. నిష్పత్తులు పిల్లలకి పదిహేనేళ్ళుగా చెబుతున్నాను. ఇంట్లో మనిషికి అన్వయించటం చేతకాలేదు. నిన్న నేనన్నది తప్పు. రెండు మాటలూ తప్పే."

పిన్ని ఆయన చేతిలో పేపరు తీసుకుని, లెక్క చూసి, అటు తిప్పింది.

"ఇది ఎవరో పిల్లవాడి జవాబు పేపరు కదయ్యా."

"అవునండి."

"పాపం, వాడికి ఈ లెక్కకి కూడా మార్కులు వెయ్యండి," అంది. అప్పటికి నవ్వింది. చెప్పులు విప్పి కుర్చీ కిందికి తోసింది. మా అమ్మాయి వెళ్ళి ఒళ్ళో తల పెట్టుకుంటే, దాని జుట్టు సవరిస్తూ, "నువ్వు నొక్కబట్టే కనబడ్డానే," అంది.

నాలుగింటికి టాక్సీ వచ్చింది. మా ఆయన బయటికి వెళ్ళి ఏదో సర్దిచెప్పి పంపేసి వచ్చారు.

సాయంత్రం పిన్ని గదిలో సూట్‌కేసులోంచి బట్టలు తీసి బీరువాలో పెడుతుంటే నాకు ఆగలేదు.

"ఇంత బాగా చేసేదానివి. నా మూలాన మానేశావు. మూడేళ్ళ పిల్ల మెడకి చుట్టుకోకపోతే నీ జీవితం వేరుగా ఉండేది. ఇన్నాళ్ళూ మాటగా తెలుసు పిన్నీ. ఇవాళ కళ్ళారా చూశాను."

పిన్ని చేతిలో చీర మడత పెడుతూ ఆగింది.

"ఇటు కూర్చో," అంది. "ఒకటి చెప్తాను, నువ్వు నవ్వకూడదు. నీ మూలాన మానెయ్యలేదే. ఆ సినిమా తరవాత నన్నెవరూ పిలవలేదు. గొంతు బాగాలేదన్నారు, పొడుగెక్కువన్నారు. ఆరు నెలలు ఎదురుచూశాను. అంతలో మా అక్క పోయింది, నువ్వొచ్చావు. అందరూ అడుగుతుంటే, పిల్ల కోసం మానేశానని చెప్పుకున్నాను. నా పరువు నిలబెట్టావు నువ్వు, మూడేళ్ళ వయసులో."

"నిజంగానా?"

"నిజంగానే. తరవాత టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగమొచ్చింది. బాగాలేదన్న గొంతే ముప్ఫై ఏళ్ళు అన్నం పెట్టింది. పొద్దున జడ వెయ్యటానికి ఒక తల ఉండబట్టి లేచేదాన్ని, లేకపోతే లేచేదాన్నే కాదు. నీకు నేనేదో చేశానని మొయ్యకు. లెక్క చూస్తే నువ్వు నాకు చేసిందే ఎక్కువుంటుంది."

నలభై రెండేళ్ళుగా గుండెల మీదున్న బరువు దిగినట్టయింది. ఏడ్చాను. పిన్ని మిగిలిన బట్టలన్నీ తనే సర్దుకుంది.

"ఆ కెమెరా ఆయన ఆ మార్కెట్ వెనక వీధిలోనే ఉన్నాడన్నావు కదూ," అంది చివరికి. "నాకు సగం తెర ఇచ్చిన మనిషి. మళ్ళీ చూపు పోయేదాకా కూర్చుని నా అంచు కాపాడాడు. వెళ్ళి ఒక్కసారి థాంక్స్ చెప్పాలే. రేపు తీసుకెళ్ళు."

మర్నాడు ఉదయం పదింటికి వెళ్ళాం. ముందు డిస్కు తిరిగి ఇచ్చేసి, రీలుగారు చెప్పిన గుర్తుల ప్రకారం వీధి చివరి ఇల్లు పట్టుకున్నాం. మేడ మెట్లు ఎక్కుతుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

తలుపు ఆయనే తీశాడు. ఎనభై దాటి ఉంటాయి. పల్చటి మనిషి, తెల్లటి చొక్కా గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని ఉన్నాడు. కళ్ళు మా ఇద్దరి మధ్య ఎక్కడో నిలిచాయి.

"ఎవరండీ?"

పిన్ని దారంతా ఏదో మనసులో కూర్చుకున్నట్టుంది. తీరా ఇప్పుడు నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"మీకు గుర్తుండను," అంది. "నలభై రెండేళ్ళ కిందట మీ సినిమాలో ఒక బల్ల దగ్గర కూర్చున్నాను. నిన్ననే చూసుకున్నాను. మీకు థాంక్స్ చెప్పి పోదామని వచ్చాను."

ఆయన తల కొంచెం పక్కకి వంచాడు.

"బల్లకి ఏ పక్కమ్మా?"

"కుడి పక్క."

ఆయన చెయ్యి గాలిలో తడుముకుని తలుపు చట్రం పట్టుకుంది. నేను పట్టుకోవాలేమో అని ఒక అడుగు వేశాను.

"లోపలికి రండి," అన్నాడు. "ఆ ఫ్రేము గురించి డైరెక్టరుతో రెండు రోజులు పోట్లాడాను. దగ్గరగా తీసి హీరోని పెద్దగా చూపించమన్నాడు. వినేవాళ్ళ మొహం లేకపోతే ఆ సీను లేదన్నాను. మీరు నా మాట నిలబెట్టారు. థాంక్స్ చెప్పాల్సింది నేను."

పిన్ని కొంగుతో మూతి కప్పుకుంది.

"తరవాతి సినిమాకి కూడా మీరే కావాలని పట్టుబట్టాను," అన్నాడాయన, గోడ పట్టుకుని లోపలికి దారితీస్తూ. "పెద్ద వేషమే. మీ ఇంటికి మనిషిని మూడుసార్లు పంపించాను. మూడుసార్లూ ఒకటే జవాబు తెచ్చాడు. ఇంట్లో తల్లి లేని పిల్ల ఉందట, రాత్రిళ్ళు మీరు పక్కన లేకపోతే నిద్రపోదట, అందుకని రారట." ఒక కుర్చీ వెనక చెయ్యి ఆనించి ఆగాడు. "అప్పుడు కోపమొచ్చింది. తరవాత చాలాసార్లు అనుకున్నాను. ఆ పిల్ల ఎలా ఉందమ్మా? బాగుందా?"

పిన్ని నా చెయ్యి వదిలేసింది. నా వైపు తిరగలేదు.

"బాగుందండీ," అంది ఆయనతో.

నేను గుమ్మంలోంచి కదల్లేదు.

"పిన్నీ," అన్నాను. "నిన్న నాతో ఏం చెప్పావు?"